ల్వీవ్‌లోని పోలిష్ సైనికుల స్మశానం: 2002లో ఆగిపోయిన ఓపెనింగ్ వెనక కథ

పోలండ్, ఉక్రెయిన్ మధ్య పాత చరిత్ర గొడవ మళ్లీ లేచింది. 2025 ఆగస్టులో పోలండ్ కొత్త ప్రెసిడెంట్ కరోల్ నవ్రోత్స్కీ, ఉక్రెయిన్ శరణార్థుల సాయానికి సంబంధించిన బిల్లుని వీటో చేస్తూ, ఉక్రెయిన్ జాతీయవాద నాయకుడు బండేరా గుర్తుల్ని నాజీ గుర్తులతో సమానంగా చూడాలి అని కూడా అన్నాడు, అప్పట్నుంచి రెండు వైపులా పాత లెక్కలన్నీ బయటికి తీస్తున్నారు. అలా తీసినప్పుడల్లా లిస్టులో తప్పకుండా ఉండే పేరు పశ్చిమ ఉక్రెయిన్ నగరం ల్వీవ్‌లోని "డేగ పిల్లల" స్మశానం, అక్కడున్న రెండు రాతి సింహాలు.

1918లో ఆస్ట్రియా సామ్రాజ్యం ఎలా కూలింది, ల్వీవ్ ఉన్న గలీషియా ప్రాంతం ఎవరి చేతుల్లోంచి ఎవరి చేతుల్లోకి పోయింది, అదంతా ఇక్కడ మొదట్నుంచి చెప్పను, చాలాచోట్ల దొరుకుతుంది. ఈ గొడవ అర్థం కావాలంటే తెలియాల్సింది కొంచెమే. 1918 నవంబర్ 1 తెల్లారేసరికి ఉక్రెయిన్ సైనికులు నగరాన్ని తమ చేతుల్లోకి తీసుకున్నారు, పశ్చిమ ఉక్రెయిన్ రిపబ్లిక్‌కి ఇదే రాజధాని అన్నారు. చుట్టుపక్కల పల్లెల్లో ఉక్రెయిన్ వాళ్లు ఎక్కువ, నగరంలో మాత్రం పోలిష్ వాళ్లు ఎక్కువ, యూదులు కూడా బాగానే ఉండేవాళ్లు. పోలిష్ వాళ్లు తిరగబడ్డారు, మూడు వారాలు వీధుల్లో పోరాటం నడిచింది, నవంబర్ 21 రాత్రి ఉక్రెయిన్ సైన్యం నగరం వదిలి వెళ్లిపోయింది. అక్కడితో ఆగలేదు, చుట్టూ యుద్ధం 1919 జులై దాకా సాగింది, ఉక్రెయిన్ వాళ్లు ఓడిపోయారు.

పోలిష్ వైపు పోరాడిన వాళ్లలో పెద్ద భాగం స్కూలు పిల్లలు, కాలేజీ కుర్రాళ్లు. యూరెక్ బిట్షాన్ అనే అబ్బాయికి పద్నాలుగేళ్లు నిండటానికి ఇంకా వారం ఉంది, ల్వీవ్‌లోని పాత లిచాకివ్ స్మశానంలోనే కాల్పుల్లో చనిపోయాడు. ఆంటోనీ పెట్రికెవిచ్‌కి పదమూడేళ్లు, గాయాలతో 1919 జనవరిలో పోయాడు, పోలండ్ అత్యున్నత సైనిక పతకం విర్తూతీ మిలితారీ అందుకున్న వాళ్లలో అందరికన్నా చిన్నవాడు అతనే. పోలండ్‌లో ఈ పిల్లల్ని "ఓర్లెంతా" అంటారు, అంటే డేగ పిల్లలు. ఆ పేరే స్మశానానికి అంటుకుంది.

వాళ్ల త్యాగం నిజం, దాన్ని ఎవరూ చిన్నబుచ్చకూడదు. కానీ పోలిష్ పాఠ్యపుస్తకం ఆ కథని అక్కడే ఆపేస్తుంది. నగరం పోలిష్ చేతుల్లోకి వచ్చిన మర్నాటి నుంచే, నవంబర్ 22 నుంచి 24 వరకు, యూదుల మీద దాడులు జరిగాయి, సైనికులు కూడా, మామూలు జనం కూడా అందులో ఉన్నారు, ఇళ్లు కాల్చారు, పదుల సంఖ్యలో మనుషులు చనిపోయారు. ఉక్రెయిన్ వాళ్లకి ఇస్తామన్న స్వయంపాలన రాలేదు, ఉక్రెయిన్ యూనివర్సిటీ రాలేదు, 1930లో వాళ్ల పల్లెల మీద పోలీసుల్ని, సైన్యాన్ని పంపి "శాంతింపజేయడం" అని పేరు పెట్టారు. అంటే ఆ స్మశానం ఎవరి గెలుపుకి గుర్తో, ఆ గెలుపు తర్వాత ఇరవై ఏళ్లు కింద నలిగిన వాళ్లు కూడా అదే ఊళ్లో ఉన్నారు. ఈ సంగతి పక్కన పెట్టేస్తే తర్వాత వచ్చిన గొడవలన్నీ ల్వీవ్ వాళ్ల మొండితనం లాగానే కనిపిస్తాయి.

స్మశానం కట్టిన తీరు కూడా చూడాలి. డిజైన్ చేసింది రుడోల్ఫ్ ఇండ్రుఖ్, అప్పటికి ఆర్కిటెక్చర్ స్టూడెంట్, తను కూడా ఆ పోరాటంలో ఉన్నవాడే. 1921 పోటీలో అతని డిజైన్ ఎంపికైంది, 1927లో చనిపోతే అతన్నీ అక్కడే పెట్టారు. లిచాకివ్ స్మశానం అంచున కొండ వాలు మీద మెట్లు మెట్లుగా సమాధులు, కింద భూగర్భ గదులు, పైన చాపెల్, ఒక పక్క వంపు తిరిగిన స్తంభాల వరస, మధ్యలో పెద్ద విజయ కమాను, కమాను ముందు రెండు సింహాలు. దాదాపు మూడు వేల మంది అక్కడున్నారు. పోలండ్ తరఫున ఎగురుతూ చనిపోయిన అమెరికన్ పైలట్లకీ, ఫ్రెంచ్ సైనికులకీ విడిగా స్మారకాలు పెట్టారు. సింహాల చేతుల్లో డాళ్లు, ఒకదాని మీద "ఎప్పటికీ విశ్వాసంగా", ఇంకోదాని మీద "నీకోసం, పోలండ్". ఒకే చోట రెండు పనులు జరిగాయన్నమాట, చనిపోయిన వాళ్లని పూడ్చిపెట్టడం ఒకటి, ఈ ఊరు మాది అని రాయిలో చెక్కడం ఇంకోటి. ఈ రెండూ వేరు వేరు అని ఒప్పుకోవడానికి పోలండ్‌కి ఇప్పటికీ కష్టంగానే ఉంది.

ఎందుకు కష్టమో ఒక విషయం చెబితే తెలుస్తుంది. 1925లో వార్సాలో అజ్ఞాత సైనికుడి సమాధి కట్టాలనుకుని, ఏ యుద్ధభూమి నుంచి శరీరాన్ని తేవాలో లాటరీ తీస్తే ల్వూవ్ (ల్వీవ్‌కి పోలిష్ పేరు) వచ్చింది. అక్టోబర్ చివర ఈ స్మశానంలోంచే గుర్తు తెలియని వాళ్ల మూడు శవపేటికలు పైకి తీశారు. వాటిలో ఒకదాన్ని ఎంచమని యాద్విగా జరుగెవిచోవా అనే తల్లిని అడిగారు, ఆమెది అర్మేనియన్ కుటుంబం, కొడుకు 1920లో జద్వూర్జె దగ్గర బోల్షెవిక్‌లతో పోరాటంలో పోయాడు, శరీరం కూడా దొరకలేదు. ఆమె చెయ్యి పెట్టిన పేటికే నవంబర్ 2న వార్సా చేరింది. ఇవాళ ఏ దేశం నాయకుడొచ్చినా దండ వేసే ఆ సమాధిలో ఉన్నది ఈ కొండ వాలు మీదనుంచి తీసుకెళ్లిన కుర్రాడే. అందుకే ఇది పోలండ్‌కి ఎక్కడో సరిహద్దు అవతల ఉన్న మామూలు స్మశానం కాదు.

రెండో ప్రపంచ యుద్ధం తర్వాత ల్వీవ్ సోవియట్ ఉక్రెయిన్‌లోకి వచ్చింది, అక్కడి పోలిష్ జనాభాలో ఎక్కువ మందిని పోలండ్‌కి తరలించారు, స్మశానాన్ని చూసుకునేవాళ్లే లేకపోయారు. 1971 ఆగస్టు 25న బుల్‌డోజర్లు, ట్యాంకులు తెచ్చి స్తంభాల వరస పడగొట్టారు. మధ్య కమాను మాత్రం ఎంత లాగినా పడలేదు. కింద భూగర్భ గదుల్లో రాళ్లు చెక్కే వర్క్‌షాప్ పెట్టారు, కొన్ని సమాధుల మీదుగా రోడ్డు వేశారు, మిగతా చోట చెత్త పోశారు. సింహాల్ని ఎత్తుకెళ్లి ఒకదాన్ని నగరంలో ఒక మానసిక వైద్యశాల దగ్గర, ఇంకోదాన్ని ఊరు దాటాక రోడ్డు పక్కన పడేశారు.

పోలండ్‌లో ఇది చెప్పేటప్పుడు చాలామంది "ఉక్రెయిన్‌లో మన స్మశానం పడగొట్టారు" అనేస్తారు. పడగొట్టింది సోవియట్ ప్రభుత్వం. అదే ప్రభుత్వం అదే నగరంలో యానివ్ స్మశానంలో ఉన్న ఉక్రెయిన్ సిచ్ సైనికుల సమాధుల్ని కూడా నాశనం చేసింది, అంటే 1918లో ఈ డేగ పిల్లలకి ఎదురుగా నిలబడి కాల్చిన వాళ్ల సమాధుల్ని. రెండు వైపుల చనిపోయిన వాళ్లకీ ఒకే గతి పట్టింది. ఈ ఒక్క ముక్క రెండు దేశాల్లో గట్టిగా చెప్పుకుని ఉంటే తర్వాత ముప్పై ఏళ్ల తగువు వేరేలా ఉండేదని నాకనిపిస్తుంది, కానీ ఎవరి సమాధుల కథ వాళ్లే చెప్పుకున్నారు.

1989 మే నెలలో, సోవియట్ యూనియన్ ఇంకా ఉండగానే, ఉక్రెయిన్‌లో పని చేయడానికి వచ్చిన ఎనెర్గోపోల్ కంపెనీ పోలిష్ వర్కర్లు తమంతట తాము పలుగూ పారా పట్టుకుని స్మశానం శుభ్రం చేయడం మొదలుపెట్టారు. చెత్త తీశారు, శిలువలు నిలబెట్టారు, పేర్లు వెతికి పట్టుకున్నారు. ఎవరూ ఆర్డర్ వేయకుండా, జీతం లేకుండా చేసిన పని అది, ఈ మొత్తం కథలో నాకు మనస్ఫూర్తిగా దండం పెట్టాలనిపించే మనుషులు వీళ్లే. ల్వీవ్‌లో అప్పుడు సమాధులు బాగు చేయొద్దు అని పెద్దగా పట్టుబట్టింది లేదు. పేచీ వచ్చింది తర్వాత, సమాధులు అయిపోయి కమాను, ఫలకం, కత్తి గుర్తు, సింహాల దగ్గరికి వచ్చినప్పుడు.

అప్పటికి ఉక్రెయిన్ స్వతంత్ర దేశం. 1994లో రెండు దేశాలూ యుద్ధ స్మారకాల రక్షణ మీద ఒప్పందం రాసుకున్నాయి, ఆ ప్రకారం పనులు నడిచాయి. పోలండ్ తరఫున ఏళ్ల తరబడి ఈ చర్చలు మోసింది ఆంద్జెయ్ ప్షెవోజ్నిక్, పోరాట, బలిదాన స్థలాల రక్షణ మండలి సెక్రటరీ, 2010 స్మోలెన్స్క్ విమాన ప్రమాదంలో చనిపోయాడు. ఆయన మాట్లాడాల్సింది ఒక్కరితో కాదు. కీవ్‌లో ప్రభుత్వం ఒకటి చెప్పేది, ల్వీవ్ సిటీ కౌన్సిల్ ఇంకోటి చెప్పేది, స్మశానం ఉన్న నేల మీద చెల్లేది సిటీ కౌన్సిల్ మాటే.

ఇక్కడికొస్తాం అసలు మలుపుకి. 2002 మే.

మే 21న ఓపెనింగ్ అని డేట్ పెట్టేశారు. పోలండ్ ప్రెసిడెంట్ అలెగ్జాండర్ క్వాష్నెవ్‌స్కీ రావాలి, ఉక్రెయిన్ ప్రెసిడెంట్ లియోనిద్ కుచ్మా రావాలి, పై స్థాయిలో అంతా సెటిల్ అయిపోయింది. మధ్యలో ఉండే ఫలకం మీద ఏం రాయాలన్న దగ్గర కౌన్సిల్ ఆగింది. పోలిష్ వాళ్లు పోలండ్ కోసం "వీరోచితంగా" ప్రాణాలిచ్చిన సైనికులు అని రాయాలన్నారు. కౌన్సిల్ ఆ "వీరోచితంగా" అన్న మాట ఒప్పుకోం అంది. ఓటింగ్ పెట్టింది, ఒప్పుకోలేదు. క్వాష్నెవ్‌స్కీ ప్రయాణం రద్దు చేసుకున్నాడు, ఓపెనింగ్ ఆగిపోయింది.

వార్సాలో దీన్ని ఇప్పటికీ "ల్వీవ్ జాతీయవాదులు చచ్చిపోయిన పిల్లల మీద కూడా పగ తీర్చుకున్నారు" అని చెబుతారు. ల్వీవ్ వాళ్లు చెప్పేది ఆ స్థాయిలో ఎవరూ వినరు కాబట్టి అది కొంచెం వివరంగా రాస్తాను. వాళ్లు అడిగింది ఇది. వీళ్లు ఎవరితో పోరాడుతూ చనిపోయారు? మా తాతలతో. ఎక్కడ? మా నగరంలో. మా నగరం నడిబొడ్డున, మా డబ్బుతో నడిచే స్మశానంలో, మా తాతల మీద గెలవడాన్ని వీరత్వం అని మా ప్రెసిడెంట్ చేత రిబ్బన్ కట్ చేయిస్తారా? సైనికులు అనండి, పోలండ్ కోసం చనిపోయారు అనండి, అది నిజం, ఒప్పుకుంటాం. మెచ్చుకోలు మాత్రం మా నోటితో చెప్పించొద్దు. ఏ ఊరి వాళ్లయినా ఇంతకన్నా తక్కువ అడుగుతారా? ఇంకా గట్టి కోపం ఏంటంటే వాళ్లని అడగకుండానే కీవ్, వార్సా మాట్లాడేసుకున్నాయి. అప్పటికి కుచ్మా మీద ల్వీవ్‌లో ఎంత వ్యతిరేకత ఉందో తెలిసిందే, ఆయన సంతకం చేసిన దాన్ని ఆ ఊరు నెత్తిన పెట్టుకుంటుందని ఎలా అనుకున్నారో.

పోలిష్ వైపు బాధ లేదని కాదు. వాళ్ల లెక్కలో అక్కడున్నది పదమూడేళ్ల పిల్లలు, పిల్లాడి సమాధి మీద వీరుడు అని రాయడానికి పక్కవాళ్ల పర్మిషన్ కావాలా అని. అది కూడా మనసుకి తగిలే మాటే.

మూడేళ్లు అలాగే ఉంది. తర్వాత దాన్ని కదిలించింది స్మశానంతో ఏ సంబంధం లేని విషయం. 2004 చివర్లో ఉక్రెయిన్‌లో ఎన్నికల మోసం మీద జనం రోడ్ల మీదకొచ్చారు, నారింజ విప్లవం. క్వాష్నెవ్‌స్కీ కీవ్ వెళ్లి మధ్యవర్తిగా కూర్చున్నాడు, పోలండ్ జనం నారింజ రిబ్బన్లు కట్టుకుని తిరిగారు. ల్వీవ్ అంతా ప్రతిపక్ష అభ్యర్థి, ఆ తర్వాత ప్రెసిడెంట్ అయిన యుష్చెంకో వైపే. పోలండ్ మన వైపు నిలబడింది అని ఆ ఊరికి మొదటిసారి అనిపించింది, 2005లో అదే కౌన్సిల్ ఒప్పుకుంది. 

ఒప్పుకున్నది ఏంటో గమనించాలి. ఫలకం మీద "మాతృభూమి కోసం ప్రాణాలిచ్చిన పోలిష్ సైనికుడు ఇక్కడ ఉన్నాడు" అని మాత్రమే. "వీరోచితంగా" లేదు. సింహాలు తిరిగి రావు, స్తంభాల వరస మళ్లీ కట్టరు. సమాధులు ఉంటాయి, విజయ స్మారకం ఉండదు, క్లుప్తంగా బేరం అది. దాని పక్కనే 1918-19లో అటువైపు పోరాడి చనిపోయిన ఉక్రేనియన్ గలీషియన్ ఆర్మీ సైనికుల స్మారకం, స్తంభం మీద ఆర్క్ఏంజెల్ మైకేల్ విగ్రహంతో. 2005 జూన్ 24న క్వాష్నెవ్‌స్కీ, యుష్చెంకో కలిసి వచ్చారు, రెండు చోట్లా దండలు పెట్టారు, రోమన్ క్యాథలిక్ కార్డినల్ యావోర్‌స్కీ, గ్రీక్ క్యాథలిక్ కార్డినల్ హుసార్ కలిసి ప్రార్థన చేశారు. అదే నెలలో రెండు చర్చిల బిషప్‌లు "క్షమిస్తున్నాం, క్షమించమని అడుగుతున్నాం" అని ఉమ్మడి లేఖ విడుదల చేశారు. ఈ వ్యవహారంలో ఇప్పటిదాకా నిలబడ్డ ఒప్పందం ఏదైనా ఉంటే అదే, ఎందుకంటే నేల ఎవరిదో వాళ్లు ఒప్పుకుని చేసింది అదొక్కటే.

పదేళ్లు బాగానే నడిచింది. 2015 డిసెంబర్‌లో సింహాలు తిరిగొచ్చాయి. మరమ్మత్తు కోసం తెచ్చాం, పాడైపోతున్న పాత శిల్పాలు కదా అని పోలిష్ వైపు చెప్పింది. అన్ని అనుమతులూ ఉన్నాయా లేదా అని ల్వీవ్‌లో గొడవ మొదలైంది, 2005లో వద్దనుకున్నవి వెనక తలుపు నుంచి వచ్చాయి అని జాతీయవాద పార్టీలు పట్టుకున్నాయి. చివరికి రెండు సింహాల చుట్టూ చెక్క పలకలు కొట్టి మూసేశారు. పోలండ్ నుంచి బస్సుల్లో వచ్చేవాళ్లు ఆ చెక్క పెట్టెల ముందు నిలబడి ఫోటోలు తీసుకుని ఇంటికెళ్లి కోపంగా పోస్ట్ చేసేవాళ్లు. 2018లో, అంటే 1918కి సరిగ్గా వందేళ్లు అవుతుండగా, ల్వీవ్ ప్రాంతీయ కౌన్సిల్ ఆ సింహాలు పోలిష్ ఆక్రమణకి గుర్తులు, తీసేయండి అని తీర్మానం చేసింది.

ఆ మూడేళ్లలో మిగతావన్నీ కూడా చెడ్డాయి. 2016లో పోలండ్ పార్లమెంట్ 1943లో వోలిన్ ప్రాంతంలో ఉక్రెయిన్ తిరుగుబాటు సైన్యం పోలిష్ జనాన్ని చంపిన హత్యాకాండని జాతి నిర్మూలన అని తీర్మానించింది. 2017లో పోలండ్‌లోని హ్రుషోవిత్సె గ్రామంలో ఉక్రెయిన్ తిరుగుబాటు సైన్యం స్మారకాన్ని కూల్చారు, దానికి జవాబుగా ఉక్రెయిన్ తన నేల మీద పోలిష్ అవశేషాల తవ్వకాలు ఆపేసింది. వోలిన్‌లో, తూర్పు గలీషియాలో కలిపి చనిపోయిన మామూలు పల్లెటూరి పోలిష్ జనం లక్షకి అటూ ఇటూ ఉంటారని పోలిష్ చరిత్రకారుల అంచనా, వాళ్లలో చాలామందికి సమాధి కూడా లేదు, ఆ బాధ ముందు రాతి సింహాల పంచాయితీ చాలా చిన్నది. కానీ ఎన్నికలప్పుడు రెండిటినీ ఒకే మూట కట్టేశారు, అక్కడే నష్టం జరిగింది.

2022 ఫిబ్రవరిలో రష్యా వచ్చి పడింది. లక్షల మంది ఉక్రెయిన్ ఆడవాళ్లు, పిల్లలు సరిహద్దు దాటితే పోలండ్ వాళ్లు ఇళ్లు తెరిచారు. ఆ మే నెలలో సింహాల చుట్టూ ఉన్న చెక్కలు తీసేశారు, వేడుక లేదు, ప్రెసిడెంట్లు లేరు, మేయర్ ఆంద్రీయ్ సదోవీ హయాంలో ఒక రోజు చూస్తే పలకలు లేవు. మళ్లీ 2005 లాగానే జరిగింది చూడండి, బలవంతంగా అడిగినన్నాళ్లు కుదరని పని, పోలండ్ కష్టంలో పక్కన నిలబడగానే అయిపోయింది. లిచాకివ్‌ని ఆనుకుని ఉన్న మార్స్ ఫీల్డ్‌లో ఇప్పటి యుద్ధంలో చనిపోయిన ల్వీవ్ కుర్రాళ్ల సమాధులు వెయ్యి దాటాయి, వాళ్ల దగ్గరికి వచ్చే తల్లులకి పక్క గోడ అవతలి తగువు మీద ఇప్పుడు ఓపిక ఉండే అవకాశం తక్కువ.

అందుకే వార్సాలో ఇవాళ వినిపించే "సాయం చేశాం కాబట్టి ఇప్పుడు చరిత్ర మా మాట ప్రకారం ఒప్పుకోవాలి" అన్న వాదన నాకు భయంగా ఉంది. ఈ స్మశానం విషయంలో అలా అడిగిన ప్రతిసారీ, 2002లో, 2015లో, ఫలితం ఏంటో చూశాం. అడగకుండా వదిలేసిన రెండుసార్లూ పని జరిగింది.

తవ్వకాల సంగతి కూడా ఆ దారిలోనే కదిలింది. 2024 నవంబర్‌లో ఇద్దరు విదేశాంగ మంత్రులు, సికోర్‌స్కీ, సిబీహా, తవ్వకాలకి ఇకపై అడ్డంకి లేదని ఉమ్మడి ప్రకటన చేశారు, 2025 వసంతంలో పశ్చిమ ఉక్రెయిన్‌లోని పుజ్నికిలో 1945లో చంపబడ్డ పోలిష్ గ్రామస్తుల అవశేషాలు తీశారు, సెప్టెంబర్‌లో వాళ్లకి అంత్యక్రియలు జరిగాయి. ఆగస్టులో, నవ్రోత్స్కీ వీటో వార్తల్లో ఉన్న అదే నెలలో, ల్వీవ్ నగరంలోనే జ్బోయిస్కా దగ్గర 1939లో జర్మన్లతో పోరాడి చనిపోయిన పోలిష్ సైనికుల అవశేషాలు తవ్వి తీశారు, దానికి నగరం అడ్డం చెప్పలేదు. మిగిలిన పేర్లు ఇంకా చాలా ఉన్నాయి, రెండు వైపులా. పోలండ్‌లో మొనాస్టిర్ కొండ మీద ఉన్న ఉక్రెయిన్ తిరుగుబాటు సైనికుల సమాధి మీద పేర్ల ఫలకాన్ని పగలగొట్టారు, 2020లో కొత్తది పెట్టారు గానీ దాని మీద ఆ పేర్లు లేవు. పేర్లతో ఉన్న పాత ఫలకమే కావాలని కీవ్ ఇప్పటికీ అడుగుతోంది.